మునస్వామి మగ్గానికి నాలుగు రోజుల తాళం

గుడియాత్తంలో ఒక లుంగీ కంపెనీ నన్ను సాంపిల్ మగ్గాల మేస్త్రిగా వేసుకున్నది ఎన్నికలైన ఎండాకాలంలో. ఊళ్లో ప్రతి గోడ మీదా ఒక కట్చీ గుర్తును చెరిపి ఇంకో కట్చీ గుర్తు రాస్తున్న రోజులవి. నేను ఐదో క్లాసుతో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. అయినా భూతద్దం పెట్టి అంగుళానికి ఎన్ని పోగులున్నాయో చెప్పడంలో కంపెనీలో నా మాటే చివరి మాట. ఆ పదవి తలకెక్కి పోగుల్నే కాదు, మనుషుల్ని కూడా భూతద్దంలోనే చూడడం మొదలుపెట్టాను.

సాంపిల్ మగ్గమంటే కొత్త గళ్ల డిజైను మొట్టమొదట నేసే మగ్గం. ఆ గుడ్డ చూసే పరదేశం వాళ్లు ఆర్డరిస్తారు. ఆర్డరు వచ్చేదాకా డిజైను గడప దాటకూడదు. నా కింద నేతగాళ్ల ఇళ్లలో పన్నెండు మగ్గాలుండేవి. వాటిలో మొదటిది మునస్వామిది. గీతల కాగితం ఒక్కసారి చూస్తే చాలు, గళ్లన్నీ అతని తలలోకి దిగిపోయేవి. కంపెనీకి అతని మీద గౌరవమూ అందుకే, భయమూ అందుకే.

అట్లాంటి మునస్వామి ఒక గురువారం సాంపిల్ ముగించి, గుడ్డ కోసి నా చేతిలో పెట్టి, నాలుగు రోజులు సెలవడిగాడు. ఇంట్లో నలుగురూ పోతున్నారట.

"యాడికప్పా?" అన్నాను.

"ఏలగిరి కొండకు."

"ఎవురి కల్యాణం?"

"ఎవురిదీ లేదు."

"మొక్కుబడా?"

"లేదు మేస్త్రీ. ఊరికే."

ఊరికే. ఆ మాటే నన్ను కుట్టింది. మా నేత తొళిల్‌లో ఇల్లంతా కలిసి ఊరికే ఎక్కడికీ పోదు. పెండ్లికైనా చావుకైనా ఒకరు పోతారు, మిగిలినవాళ్లు మగ్గం ఆడిస్తారు. మొగుడు నేస్తే, పెండ్లాం రాట్నం తిప్పుతుంది, కూతురు కండెలు చుడుతుంది, ముసలమ్మ తెగిన పోగులు అతుకుతుంది. ఆ నలుగురూ కలిస్తేనే ఒక మగ్గం. నలుగురూ తాళం వేసి పోయారంటే వేరే కంపెనీ ముదలాళి దగ్గరికి మారిపోయారని లెక్క. పైగా ఇంటి రెండో తాళం చెవి తెచ్చి నాకే ఇచ్చాడు. ఇంత మర్యాదగా ఇచ్చాడంటే ఏదో ఉందనుకున్నాను.

వేలూరు ఆఫీసులో మేనేజరుకు ఈ సంగతి చెప్పింది నేనే. ఆయన పేర్ణాంబట్టు నుంచి ఈరోడ్ దాకా ఉన్న పోటీ కంపెనీలన్నిటినీ తలుచుకుని, మునస్వామి వెనక పోయి ఎవరిని కలుస్తాడో చూసి రమ్మన్నాడు. సోమవారం పొద్దున రిపోర్టు ఇవ్వాలి. అనుమానం నిజమైతే ఆ మగ్గాన్ని వేరేవాడికి ఇచ్చేస్తారు. అంటే మునస్వామి కుటుంబానికి పని పోయినట్టే.

శుక్రవారం పొద్దున ఆంబూరు బస్సులో వాళ్లు ముందు సీట్లలో, నేను తలకు తువ్వాలు చుట్టుకుని చిట్టచివర. మునస్వామి ఒళ్లో పెద్ద సంచి. దాన్ని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. నాకు తెలియకుండా దాచిన సాంపిల్ ముక్క అందులోనే ఉందని నిర్ధారించుకున్నాను. రెండు బస్సులు మారి కొండెక్కి, చెరువు గట్టున కూర్చుని సంచి విప్పారు. చింతపండు కలిపిన పులిసాదం. అప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది.

కాసేపటికి మునస్వామి బొగ్గుముక్క తీసుకుని బండ మీద గీతలు గీయసాగాడు. గళ్లు, గళ్లలో గళ్లు. నలుగురూ తలలు దగ్గర పెట్టి వంగి చూస్తున్నారు. డిజైను పరాయివాడికి చూపించే ముందు సరిచూసుకుంటున్నారు, ఇప్పుడు పట్టుకోవాలని పొదల చాటుగా దగ్గరికి పోయాను.

దాడి ఆట. రాళ్లు పెట్టి ఆడుకుంటున్నారు. కూతురు రాజేశ్వరి మూడు రాళ్లు వరసపెట్టి "దాడి" అని నాయన రాయి ఎత్తేసింది.

ముసలమ్మ తలెత్తి నన్ను చూసింది. "ఆ తువ్వాలు మన మేస్త్రిది గదా. వాడేమి పొదల్లో దూరినాడు?"

బయటికి రాక తప్పలేదు. నేను కూడా ఊరికే వచ్చానన్నాను.

"ఒక్కడివేనా? పెండ్లాన్ని యాడ పెట్టినావు నాయనా?"

మునస్వామి భార్య కుప్పమ్మ నాకు ఆకులో పులిసాదం పెడుతూ మొగుడి వైపు చూపించింది. "పద్దెనిమిదేండ్లుగా ఈయన మగ్గం గుంటలో, నేను వెనకాల రాట్నం కాడ. ఈయన వీపు మీద మచ్చలు లెక్కపెట్టి చెప్తాను. మొగం సరిగ్గా చూసింది ఈడనే."

"చూసినంక?" అన్నాను.

"వీపే మేలు," అంది. అందరికంటే ఎక్కువ నవ్వింది మునస్వామే.

అయినా శనివారమంతా కొండ మీదే ఉండి కాపలా కాశాను. టీకొట్టువాడు తప్ప వాళ్లతో ఎవరూ మాట్లాడలేదు. ఆదివారం దిగి వచ్చి, జేబులోనే ఉన్న తాళం చెవితో మునస్వామి ఇల్లు తెరిచాను.

పోగుల్ని దువ్వెనలా పట్టుకునే అచ్చు మగ్గానికి అట్లాగే ఉంది. పాత పడుగు పోగుల కొసలు అచ్చులోంచి తీయకుండా, గుప్పెడు గుప్పెడుగా ముడేసి వదిలి ఉన్నాయి. కొత్త పడుగు వచ్చినప్పుడు ఒక్కొక్క పోగును ఆ కొసలకు అతుకుతారు. తిరిగి రావాలనుకున్నవాడే అట్లా ముడేస్తాడు. మారిపోయేవాడు అచ్చు ఊడదీసి చంకన పెట్టుకుని పోతాడు. ఇది నేత నేర్చిన ప్రతివాడికీ తెలుసు, నాకూ తెలుసు. గురువారమే వాళ్లింటికి పోయి మగ్గం చూసి ఉంటే అర నిమిషంలో తేలేది. నేను మగ్గం వదిలి సంచి వెంట పడ్డాను.

సోమవారం మేనేజరు అడిగింది ఒక్కటే, ఎవరిని కలిశాడని. పెండ్లాన్ని కలిశాడని చెప్పాను. ఆయన నవ్వలేదు. మగ్గం మాత్రం మునస్వామి దగ్గరే ఉండిపోయింది.

తర్వాత పవర్‌లూములు వచ్చాయి, కంపెనీ మూతపడింది. ఆ డిజైను ఎట్లా ఉండేదో నాకూ జ్ఞాపకం లేదు, మునస్వామికీ లేదు. కానీ ఆ కొండ మీద ఎవరు ఎన్ని దాడులు కట్టారో ఆ ఇంట్లో నేటికీ వాదించుకుంటారు. రాజేశ్వరి తన పిల్లలకు ఆ లెక్కే చెబుతుంది.

ఈ వ్యవహారం నాకు నేర్పింది రెండు. తనిఖీ మగ్గంతో మొదలుపెట్టాలి, మనిషితో కాదు. సెలవుకు ఊరికే అన్నది సరిపోయే కారణం. మరుసటి ఎండాకాలం నా ఇంటికీ తాళం వేసి, అందరినీ తీసుకుని అదే చెరువు గట్టుకు పోయాను. కంపెనీ నా వెనక ఎవరినైనా పంపిందో లేదో తెలియదు. ఎందుకైనా మంచిదని పులిసాదానికి ఒక ఆకు ఎక్కువ తీసుకుపోయాం.