ఏడాదికి మూడుసార్లు

జపాను భాషలో నాకు వచ్చిందల్లా ఏడాది లెక్క ఒక్కటే. ఆకలేస్తే అడగలేను, దారి తప్పితే ఇల్లు చేరలేను. ఏ పని ఏడాదికి ఎన్నిసార్లు జరుగుతుందో మాత్రం తడుముకోకుండా చెప్పగలను.

అరవైల మొదట్లో హిందూపురంలో పట్టుదారం తీసే యంత్రాలు బిగించడానికి జపాను నుంచి ఒక పెద్దమనిషి వచ్చి ఏడాదికి పైగా ఉన్నాడు. హైస్కూల్లో తెలుగు చెప్పే నన్ను, ఆయనకు నాలుగు ముక్కలు నేర్పమన్నారు. ఆదివారం ఆదివారం మా ఇంటికి వచ్చేవాడు. నేను తెలుగు చెప్పేవాణ్ని, ఆయన జపాను చెప్పేవాడు, మా అమ్మ ఇద్దరికీ సంగటి పెట్టేది. మూడింటిలో త్వరగా జీర్ణమయ్యేది అమ్మ పాఠమే.

పట్టుపురుగుల మనిషి కాబట్టి ఆయన పాఠాలు పంటల చుట్టూ తిరిగేవి. ఇక్కడ ఏడాదికి ఎన్ని పంటలు, జాతర ఎన్నిసార్లు? 'నెన్ ని' అంటే ఏడాదికి. 'ఇచిదొ' అంటే ఒకసారి. 'సంకాయ్' అంటే మూడుసార్లు. వంకాయకు చెల్లెలిలా ఉంది కనుక ఇట్టే పట్టుబడింది. ఏడాది విడిచి ఏడాది అనడానికి 'ఇచినెన్ ఒకి'. మా వానల సంగతి చెప్పడానికి అది బాగా పనికొచ్చింది. 'మైతొషి' అంటే ఏటేటా.

నా భార్యది ధర్మవరం. వాళ్లమ్మ పట్టుచీరలు నేసేది. మగ్గం మీద పడుగు అయిపోవస్తే, పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా, వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెట్టి అతకాలి. ఆ పనికి మా ఆవిడ చెయ్యి పెట్టింది పేరు. పెళ్లయ్యాక ఆ చెయ్యి మా ఇంట్లో సంగటి కెలుకుతోంది. అక్కడ వాళ్లమ్మకు చూపు మందగించి, పడుగు అయిపోయినప్పుడల్లా ఎవరినో బతిమాలుకుంటోంది. "నేను పోతే..." అని మా ఆవిడ మొదలుపెట్టేది. మా ఇంటి కోడళ్లు పుట్టింటికి పోయేది ఏడాదికి ఒక్కసారే, శ్రావణంలో. "మా అత్త నన్నూ అట్లే పంపించె" అనేది అమ్మ. మాట అక్కడికి ఆగిపోయేది.

ఒక ఆదివారం భోజనానికి కూర్చున్నాక ఆయన అడిగాడు, మీ ఆవిడ పుట్టింటికి ఏడాదికి ఎన్నిసార్లు వెళ్తుందని. ఉన్నది చెప్పాలంటే 'ఇచిదొ'. కానీ ఆ పూట జాతరకూ, తేరుకూ, స్కూలు పరీక్షలకూ ఇచిదొ వాడేశాను. మళ్లీ అదే అంటే ఈ పంతులుకు వచ్చింది ఒక్క మాటే అనుకోడూ? "నెన్ ని సంకాయ్!" అన్నాను నోరారా. కొత్త భాష నేర్చేవాడు ఉన్నది చెప్పడు, వచ్చింది చెప్తాడు.

ఆయన ముఖం వెలిగిపోయింది. వంటింటి వైపు తిరిగి, నేను నేర్పిన గ్రాంథికంలో, "అమ్మా! తాము ఏడాదికి మూడు పర్యాయములు పుట్టింటికి పోవుచున్నారట. మిక్కిలి సంతోషము!" అన్నాడు.

లోపల గరిటె చప్పుడు ఆగింది.

"నేనా? మూడుసార్లు ఎప్పుడు పోయినాను అత్తా?" అంది మా ఆవిడ.

అమ్మ బయటికి వచ్చింది. "ఏమప్పా, ఆయప్పకు ఏం చెప్పినావు?"

"ఊరికే, వాక్యం కోసమమ్మా."

"వాక్యం కోసం పెండ్లాన్ని రైలెక్కిస్తివా?"

మా ముఖాలు చూసి ఆయన చెయ్యి విస్తరి మీదే నిలిచిపోయింది. "తప్పా?" అన్నాడు.

మా ఇంట్లో ఒక కట్టుబాటుంది: అన్నం ముందు కూర్చున్న మనిషికి చెప్పిన మాట అబద్ధం కాకూడదు. మా తాత అలాగే, తింటున్న చుట్టానికి పాడావును ఇస్తానని నోరు జారి, నిజంగానే తోలి ఇచ్చాడట.

"తప్పేం లేదు నాయనా, తిను. మూడుసార్లు పోతాది" అని అమ్మ నా వైపు తిరిగింది. "మీ తాత కంటే నువ్వే నయం. ఆవు పోయిందే గానీ రాలేదు. ఇది తిరిగొస్తాది."

ఆ వారమే రైలెక్కాం. పెనుకొండ కొండ కనబడగానే మా ఆవిడ వేళ్లు కొంగు అంచును మెలిపెట్టసాగాయి, చెయ్యబోయే పనికి సాము చేస్తున్నట్టు. ధర్మవరంలో కాళ్లు కడుక్కుని తిన్నగా మగ్గం దగ్గరే కూర్చుంది. సాయం చేద్దామని నేనూ ఒక పోగు పట్టుకున్నాను, తెగింది. "నువ్వు మాటలు అతుకు నాయనా, పోగులు మేం అతుక్కుంటాం" అంది మా అత్తగారు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆయన పాఠంలా అడిగేవాడు, ఎన్నిసార్లు అయిందని. ఏడాది చివర అమ్మే తొందరపెట్టింది: "ఇంకొకటి ఉండాదే, ఆయప్ప అడుగుతాడు!"

యంత్రాలు తిరిగాయి. ఆయన తన దేశం వెళ్లిపోయాడు. ఇక అడిగేవాళ్లు లేరు. ఉగాది దాటినా మా ఆవిడ "నేను పోతే" అని మొదలుపెట్టలేదు.

ఒక పొద్దున అమ్మ రాగిపిండి జల్లిస్తూ, "ఏమే, ఆడ పడుగు అయిపోయుంటుంది గదా. ఎప్పుడు పోతావు?" అంది.

"ఆయప్ప వెళ్లిపాయె గదత్తా."

"ఆయప్ప పోతే, తిన్న అన్నం యాడికి పోయె?"

"మైతొషి" అన్నాను నేను, పట్టలేక.

"అదేం కాయప్పా మళ్లీ?"

నేను అర్థం చెప్పేలోపే మా ఆవిడ అటక మీది సంచి దించుతోంది.