అన్నం తిన్నాక

నాకు నోరెక్కువ. ఈ మాట మా అమ్మ అంది, అత్తగారంది, ముప్ఫయ్యేళ్ళ నర్సు ఉద్యోగంలో నా పైన పనిచేసిన డాక్టర్లందరూ ఏదో ఒక రకంగా అన్నారు. నేనూ కాదనలేదు. పైగా కాస్త గర్వపడేదాన్ని. నోరున్న సిస్టరు ఉంటేనే వార్డు వార్డులా ఉంటుందని నా నమ్మకం. ఆ నోటితో ఒక ఆడపిల్లకి నేను చేసిన అన్యాయం మాత్రం ఇంట్లో ఈ రోజు వరకూ చెప్పుకోలేదు. మా ఆయనకి కూడా తెలియదు.

నేను పనిచేసేది కొరాపుట్‌లో, ఫిట్స్ వచ్చే పిల్లల కోసం ఉన్న ఒక చిన్న జట్టులో. నెలకోసారి అందరం ఒకే జీపులో ఇరుక్కుని రాయగడ వెళ్తాం. అక్కడ ఒక రోజంతా క్లినిక్. డాక్టరు గారు, పిల్లల నడకా చేతులూ చూసే ఫిజియోథెరపిస్టు, బడి సంగతులు చూసే టీచరు, అమ్మానాన్నల భయాలు వినే కౌన్సెలరు, నేను. మొత్తం ఐదుగురం. ఫిట్స్ వచ్చే పిల్లకి బిళ్ళ ఒక్కటే చాలదు. పడిపోతే ఏం చెయ్యాలో ఇంట్లో వాళ్ళకి నేర్పాలి, దెయ్యం పట్టిందనే పొరుగువాళ్ళకి సర్దిచెప్పాలి, బెంచీ మీద పక్కన కూర్చోనివ్వని బడికి నచ్చజెప్పాలి. అందుకే ఇంతమందిమి.

క్లినిక్ అయిపోయాక తలుపులు దగ్గరగా వేసి, టీ తెప్పించుకుని బల్ల చుట్టూ కూర్చోవడం మా అలవాటు. ఒక్కొక్క పిల్ల ఫైలూ చేతులు మారుతుంది. ఎవరికి కనబడింది వాళ్ళు ఒక వాక్యం రాయాలి. ఆ కాగితంలో 'ఇంటి మాట' అని ఒక గడి ఉంటుంది. ఇంట్లో వాళ్ళు ఏమంటున్నారో అందులో రాయాలి. మిగతా నలుగురికీ తెలుగు రాదు. గుణుపూర్, రామనగుడ వైపు నుంచి వచ్చే తెలుగువాళ్ళ గడి నాది. నేను ఏది రాస్తే అదే వాళ్ళ మాట. సరిచూసేవాళ్ళు లేరు.

ఆ తల్లీకూతుళ్ళు మొదట వచ్చింది చలికాలంలో. రామనగుడ నుంచి లోపలికి వెళ్ళాలి వాళ్ళ ఊరికి. తల్లికి ముప్ఫై కూడా ఉండవు. పిల్ల నాలుగో తరగతి, హాస్టల్ బడిలో చదువుతోంది. ప్రార్థన వరుసలో రెండుసార్లు పడిపోయిందని బడివాళ్ళు ఇంటికి పంపేశారు. మా టీచరు ఫోన్ చేస్తే హెడ్‌మిస్ట్రెస్ ఆవిడ కచ్చితంగా చెప్పేసింది. అంతమంది ఆడపిల్లల్ని ఒక్క మేట్రన్ చూసుకోవాలి, నూతి దగ్గర పడితే ఎవరిది పూచీ, ఫిట్స్ అదుపులో ఉన్నాయని డాక్టరు చేత కాగితం తెండి, జూన్‌లో బడి తెరిచేదాకా సీటు ఉంచుతాను అంది. మూడు నెలలు ఫిట్స్ రాకపోతే కాగితం రాస్తానన్నారు డాక్టరు గారు.

"మాయమ్మి సదువుతాది సిస్టరమ్మా," అంది తల్లి నా చెయ్యి పట్టుకుని. "మా ఇంట్లో పుస్తకం ముట్టుకున్నది ఇదొక్కర్తే. ఆ సీటు పోతే మేకలెనకాల తిరగడవే దీని బతుకు."

"ఏటీ పోదు. సెప్పినట్టు సెయ్యి, సాలు," అన్నాను. వాళ్ళతో మాట్లాడితే నాకూ మా నాయనమ్మ మాటలే వచ్చేస్తాయి. బిళ్ళల అట్ట చేతిలో పెట్టి, వేలితో చూపించి చెప్పాను. "రెండు పూటలా, అన్నం తిన్నాక ఒక్కోటి. ఏటి, తెలిసిందా?"

"తెలిసిందమ్మా. అన్నం తిన్నాక."

పక్కనే కౌన్సెలరు ఒక కేలండర్ ఇచ్చింది. చదువు రాని వాళ్ళ కోసం చేసింది. రోజుకో గడి, గడిలో పొద్దుపొడుపు, పొద్దుగూకు, చందమామ బొమ్మలు. ఫిట్స్ వచ్చిన వేళ కింద ఒక చుక్క పెట్టాలి.

మరుసటి నెల వచ్చింది. కేలండర్‌లో ఐదు బొగ్గు చుక్కలు. దాంతోపాటు పయిటకొంగు ముడి విప్పి, మిగిలిన బిళ్ళల అట్టలు బల్ల మీద పెట్టింది. "మిగిలిపోయేయమ్మా. మా గుంటలాటి ఇంకో గుంటకైనా అక్కరకొస్తాయి కదా," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. వరండా నిండా జనం. అయినా ఆగలేదు. "బిళ్ళలెయ్యకుండా మిగిల్చి తెచ్చి నాకు దానం సేత్తన్నావేటే? పిల్ల మీద ప్రేముందా నేదా నీకు? ఇంత దూరం నీకోసం మేం పడుతూ లేస్తూ రావాల, నువ్వేమో ఒక బిళ్ళ నోట్లో ఎయ్యడానికి బద్దకం!" ఇంకా చాలా అన్నాను, అన్నీ ఇక్కడ రాయలేను. పిల్ల భయపడి తల్లి చీర వెనక్కి జరిగింది. తల్లి మాత్రం "ఏత్తన్నానమ్మా, మీరు సెప్పినట్టే ఏత్తన్నాను," అని రెండుసార్లు అంది. అబద్ధం కూడానా అని ఇంకో నాలుగు తగిలించాను. ఆ సాయంత్రం బల్ల దగ్గర ఆ గడిలో 'తల్లి సరిగా మందు ఇవ్వడం లేదు' అని ఇంగ్లీషులో రాశాను. డాక్టరు గారు చదివి, ముందు ఇచ్చినవి సరిగా వెయ్యనీ, మందు మార్చొద్దు అన్నారు.

ఆ పై నెలా అంతే. చుక్కలు, మిగిలిన బిళ్ళలు, నా తిట్లు. ఈసారి ఆమె ఏత్తన్నాను అని కూడా అనలేదు. తల వంచుకుని నిలబడింది. దారికొచ్చిందనుకున్నాను. నాకు బుద్ధి లేకపోతే సరి!

అనుమానం వచ్చింది కౌన్సెలరుకి. నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్నది, కటక్ వైపు పిల్ల. నాలుగో నెల క్లినిక్ అయ్యాక అందరం టీ తాగుతుంటే ఆమె కేలండర్లన్నీ బల్ల మీద పరిచింది. చుక్కలన్నీ పొద్దుగూకు బొమ్మ కిందే ఉన్నాయి. తెచ్చిన బిళ్ళలు ప్రతి నెలా ఇచ్చినవాటిలో సరిగ్గా సగం. "మరిచిపోయే మనిషి ఇంత కొలిచినట్టు మరిచిపోదు దీదీ," అంది నాతో, ఒడియాలో. "ఒక పూట వేస్తోంది, ఒక పూట వెయ్యడం లేదు, పొద్దుగూకేసరికి మందు బలం అయిపోతోంది. ఎందుకో అడిగావా?"

"ఇరవైసార్లు చెప్పాను, అదీ తెలుగులో," అన్నాను. అడిగావా అని కదా ఆమె అడిగింది. నేను చెప్పాననే అన్నాను.

వాళ్ళింటికి వెళ్దాం అంది ఆమె. అవసరం లేదన్నాను నేను. డాక్టరు గారు వెళ్ళమన్నారు. మే నెల ఎండలో, ముందు రోజు రాయగడలో పడుకుని, తెల్లారగట్లే బయలుదేరి వెళ్ళాం. దారంతా సణుగుతూనే ఉన్నాను, నా మోకాళ్ళ గురించీ, ఈ కాలం పిల్లల అతితెలివి గురించీ.

మేం వెళ్ళేసరికి తల్లి వాకిట్లో కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి కంగారుపడి చాప వేసింది. ఇంట్లోంచి పులిసిన సోడంబలి వాసన వస్తోంది. కొరాపుట్ వైపు మాండియా పెజ అంటారు, రాగుల జావే. పిల్ల ఒక గిన్నెడు తాగి, మూతి తుడుచుకుని, మేకల తాళ్ళు విప్పడానికి లేచింది. బిళ్ళ ఎప్పుడు వేస్తుందా అని నేను చూస్తున్నాను. వెయ్యలేదు. కౌన్సెలరు నా మోచెయ్యి నొక్కింది.

"ఏటే, బిళ్ళేదీ?" అన్నాను, గొంతు పెంచుతూనే.

తల్లి నా వైపు వింతగా చూసింది. "ఇంకా అన్నం తిననేదు కదమ్మా."

"మరిప్పుడు తిన్నదేటి?"

"అంబలమ్మా. అంబలి తాగింది. పొద్దున్న మాకు అన్నవెక్కడిది? అన్నం రాత్తిరికే కదా వొండుతాం. మీరు అన్నం తిన్నాక ఎయ్యమన్నారు. రెండో పూట అన్నం దొరికినోళ్ళకి రెండు, మాకు ఒకటీ అనుకున్నాను. అందుకే మిగిలినవి తెచ్చి ఇచ్చెత్తన్నాను."

నాకు తల కొట్టేసినట్టయింది.

తెలియక కాదు, అదే నా బాధ. అన్నం తింటాం, అంబలి తాగుతాం. ఆ తేడా తెలుగు మాట్లాడే ఎవరికి తెలియదు? మా ఇంట్లో పొద్దున్న ఇడ్లీ తింటాం, దాన్ని ఏనాడైనా అన్నం అన్నామా? మా నాయనమ్మ విజయనగరం వైపు నుంచి కొరాపుట్ వచ్చినప్పుడు అంబలి కుండతోనే వచ్చింది. మా నాన్న మిషన్ బడిలో మాస్టరు అయ్యాక, క్వార్టర్స్‌లో పక్కవాళ్ళకి వాసన వస్తుందని ఆ కుండని వంటింట్లోంచి పెరట్లోకి మార్పించాడు. నాయనమ్మ గోడ వైపు తిరిగి తాగేది. నేను స్నేహితురాళ్ళని పెరటి వైపు రానిచ్చేదాన్ని కాదు. అలా దాచి దాచి, చివరికి పొద్దున్నే అంబలి తాగి బతికే మనుషులుంటారన్న సంగతే మరిచిపోయాను. డాక్టరు 'రెండు పూటలా, ఆహారం తర్వాత' అన్నదాన్ని నేను అన్నం చేశాను. ఒడియా కౌన్సెలరుకి వచ్చిన అనుమానం తెలుగుదాన్ని నాకు రాలేదు.

"ఏమంటోంది దీదీ?" అని అడిగింది కౌన్సెలరు.

"నా మాట తప్పుగా అర్థం చేసుకుంది," అన్నాను. అంతే అన్నాను. తర్వాత తల్లి వైపు తిరిగి, "అంబలి తాగాకా ఒకటెయ్యి, రాత్రి అన్నం తిన్నాకా ఒకటెయ్యి," అన్నాను. "అంబలికీ ఎయ్యొచ్చా?" అంది ఆమె సంబరంగా. కౌన్సెలరు నా మొహం కేసి చూసింది. ఫైల్లో 'తల్లి అపార్థం, సరిచేశాం' అని రాశాను.

ఆ రోజు నుంచి కేలండర్ గడులన్నీ ఖాళీ. కానీ జూన్ వచ్చేసింది. ఫిట్స్ లేని నెల ఒక్కటే చేతిలో ఉంది. డాక్టరు గారు అయినా కాగితం రాసిచ్చారు, మా టీచరు మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసింది. హెడ్‌మిస్ట్రెస్ మూడు నెలలన్నారు కదా అంది. సీటు వేరే పిల్లకి ఇచ్చేశారు. ఆ పిల్ల ఆ ఏడాది మేకల వెనకాలే ఉండిపోయింది.

దసరా వెళ్ళాక రాయగడలో తల్లుల సమావేశం పెట్టింది కౌన్సెలరు. పాతవాళ్ళు కొత్తవాళ్ళకి తమ అనుభవం చెప్పాలి. ఆ పిల్ల తల్లి లేచి నిలబడింది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "నాను సదువు నేనిదాన్ని. సిస్టరమ్మ సరిగ్గానే సెప్పేరు. నాకే తెలవక తప్పు సేసేను. నా తప్పుకి నా గుంట సీటు పోయింది. మీరలా సెయ్యకండి, తెలవకపోతే అడగండి."

అందరూ నా వైపు తిరిగారు, ఒడియాలో చెప్పమని. చెప్పాను. 'సిస్టరు సరిగ్గానే చెప్పింది' అన్న ముక్కతో సహా ఈ నోటితోనే చెప్పాను. డాక్టరు గారు మెచ్చుకోలుగా తలూపారు. చప్పట్లు కొట్టారు. చచ్చే సిగ్గేసింది. సిగ్గేసి కూడా నిలబడే ఉన్నాను.

ఆ తల్లీకూతుళ్ళు బస్సు కోసం బయటికి వెళ్తే వెనకాలే పరిగెత్తాను. రోడ్డు పక్కన పట్టుకుని, "అమ్మీ, తప్పు నీది కాదే. నాది. అంబలి సంగతి నేనడగాల. అడక్కుండా తిట్టేను," అన్నాను.

ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. "తెలుసమ్మా. మీరు మాయింటికొచ్చిన రోజే మీ మొకం సూసి తెలిసిపోయింది," అంది.

"మరి అందరి ముందూ నీ తప్పని ఎందుకు సెప్పేవే?"

"నిజం సెప్తే మిమ్మల్ని తీసెత్తారేమో అనుకున్నాను. మీరెల్లిపోతే మాకు తెలుగులో సెప్పేవోలు ఎవులున్నారమ్మా? తిట్టినా మీరే కదా."

పిల్ల వచ్చి తల్లి చెయ్యి గుంజింది. గుణుపూర్ బస్సు వచ్చింది. ఎక్కి వెళ్ళిపోయారు.

లోపల టీ వచ్చేసింది, తలుపులు దగ్గరగా వేశారు. నేను కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాను, అన్నం, అంబలి, ఆ రోజు వాకిట్లో నేను ఒడియాలో చెప్పిన అబద్ధం. ఫైలు తీసుకుని 'ఇంటి మాట' గడిలో నా రాతలన్నీ కొట్టేసి, 'నర్సు తప్పు చెప్పింది, తల్లి చెప్పినట్టే చేసింది' అని రాశాను. నన్నెవరూ తీసెయ్యలేదు. కౌన్సెలరు టీ గ్లాసు నా ముందుకి జరిపింది. డాక్టరు గారు ఆ గడి చదివి, "మరి ఆ పిల్లకి పోయిన ఏడాది?" అన్నారు.

ఆయన ఒడియాలోనే అడిగారు. నేను ఆ మాటని అదే గడిలో, నా రాత కింద తెలుగులో రాశాను.