ఒక్క కూతకు ఏడుగురు

ఆ రోజుల్లో మా వికారాబాద్‌లో సినిమా వాళ్ళు వచ్చారంటే ఎవరూ పని మానుకుని పరిగెత్తేవారు కాదు. హైదరాబాద్‌కు దగ్గర్లో అడవి అంటే మా అనంతగిరే కాబట్టి, కథలో అడవి ఎక్కడిదైనా సరే, తీసేది మా గుట్టల్లోనే. అస్సాం అడవీ అదే, ఆఫ్రికా అడవీ అదే. (ఒకసారి ఆఫ్రికా అడవిలో హీరో వెనకాల మా మేనమామ గొర్రెలు మేస్తూ కనిపించాయి. ఆ సినిమాను మా ఇంటిల్లిపాదీ మూడుసార్లు చూశాం, గొర్రెల కోసం.) నేనప్పుడు డిగ్రీ ముగించి ఒక దినపత్రికలో విలేకరిగా కొత్తగా చేరాను. షూటింగ్ ఉన్నప్పుడల్లా సంచీ భుజాన వేసుకుని గుట్ట ఎక్కడం నా వంతు. అలా రెండేళ్ళలో అయిదారుగురు హీరోలతో మాట్లాడాక నాకొక సంగతి బోధపడింది. వాళ్ళలో ఆటగాడు కానివాడు ఒక్కడూ లేడు. ఒకాయన క్రికెట్లో రాష్ట్రానికి ఆడబోతుండగా మోకాలికి దెబ్బ తగిలింది. ఇంకొకాయన బ్యాడ్మింటన్‌లో దేశానికి ఆడబోతుండగా మోకాలికి దెబ్బ తగిలింది. ఈతగాడినని చెప్పుకున్నాయనకు కూడా, నీళ్ళలో ఎలా తగిలిందో తెలియదు గానీ, మోకాలికే తగిలింది. ఆ మోకాళ్ళన్నీ బాగుండి ఉంటే మనకు బోలెడు పతకాలు వచ్చేవి, సినిమాలు మాత్రం ఉండేవి కావు.

నేను చెప్పబోయే హీరో మరీ పెద్దవాడు కాదు, అలాగని తీసిపారేయదగ్గవాడూ కాదు. పేరు చెప్పను. ఆయన కొత్త సినిమాలో కబడ్డీ ఆటగాడి వేషం వేస్తున్నాడు. షూటింగ్ విరామంలో కుర్చీలో వెనక్కి వాలి, టీ తాగుతూ నాతో మాట్లాడాడు. "నాకిది నటన కాదు బ్రదర్. కాలేజీలో ఉన్నప్పుడు మీ తాండూరులోనే ఫైనల్ ఆడాను. ఆఖరి కూత నాది. ఒక్క కూతకు ఐదుగురిని ఔట్ చేసి వెనక్కి వచ్చి గీత తాకాను. మేం గెలిచాం. కానీ ఆ రోజుతోనే నా ఆట ముగిసిపోయింది" అని ప్యాంటు పైకి మడిచాడు. మోకాలు చూపించాడు. నేను భక్తిగా చూశాను. గదికొచ్చి రాయడానికి కూర్చుంటే ఒక్కటే వెలితి. కబడ్డీలో ఒక జట్టుకు ఏడుగురు. ఈయన ఐదుగురిని ఔట్ చేస్తుంటే ఆ మిగతా ఇద్దరూ ఏం చేస్తున్నట్టు? వాళ్ళిద్దరూ కథకు అడ్డంగా నిలబడ్డారు. అందుకని వాళ్ళను కూడా ఔట్ చేసేశాను. 'ఒక్క కూతకు ఏడుగురు' అని శీర్షిక పెట్టి, మైదానం దద్దరిల్లిందనీ దుమ్ము ఆకాశాన్ని తాకిందనీ నా సొంత వాక్యాలు నాలుగు చేర్చాను. మా బ్యూరో సారు చదివి, "మస్తు రాసినవ్ రా" అన్నాడు. ఆయన నోట అంతకుముందు నేను విన్న మెచ్చుకోలు ఏదీ లేదు.

నాలుగు రోజులకు ఫోన్ వచ్చింది.

"గా కబడ్డీ ముచ్చట పేపర్ల రాసింది నువ్వేనా తమ్మీ?"

"అవునండీ, నేనే" అన్నాను, కొంచెం గొంతు సవరించుకుని.

"నేను తాండూరుల పీటీ సారును. గా ఏడుగుర్ల నేనొకన్ని."

ఆయన గొంతులో కోపం లేదు, అది ఇంకా భయంగా ఉంది. "గా దినం మమ్మల్ని ఎవ్వలు ఔట్ జెయ్యలే. మేమే గెల్సినం. ఇప్పుడు నా బిడ్డ బడికి పోతే, మీ నాయినను సినిమాయన పడేసిండంట గద అని అందరు నవ్వుతున్నరు. అది అన్నం గూడ సక్కగ తింటలేదు. నువ్వు జర తాండూరు రా. ఒక ఫోటో సూపిస్త" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే రైలెక్కాను. దారి పొడుగునా నా ఉద్యోగం ఎన్ని రోజులుంటుందా అని లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. తాండూరులో దిగి ఆటో ఎక్కితే ఆటోవాడు బండల పాలిష్ యూనిట్ల పక్క నుంచి తీసుకుపోయాడు. ఆ వీధిలో చెట్లు, గోడలు, మేకలు అన్నీ తెల్లటి పొడి పూసుకుని ఉన్నాయి. పీటీ సారు ఇంట్లో చాయ్ ఇచ్చి, గోడకున్న ఫోటో తీసి నా ఒళ్ళో పెట్టాడు. రెండు జట్లు, మధ్యలో కప్పు. కప్పు పట్టుకున్నది పీటీ సారు. అవతలి జట్టు చివర తువ్వాల భుజాన వేసుకున్న బక్కపలచటి కుర్రవాడిని వేలితో చూపించి, "గీయనే మీ హీరో" అన్నాడు.

"ఆడలేదా సార్?"

"ఆడలే. ఎనిమిదోవాడు. బెంచి మీదున్నడు."

నా గుండె ఎగిరింది. నిజం చెప్పాలి గనుక చెబుతున్నాను, నా తప్పు గుర్తుకు రాలేదు, కొత్త శీర్షిక గుర్తుకు వచ్చింది. 'బెంచీ మీది వీరుడు' అని అప్పుడే మనసులో అచ్చు వేసేశాను. ఫోటో తీసుకోవచ్చా అని అడగబోతుంటే ఆయనే మాట్లాడాడు. "ఆఖర్ల వాళ్ళ ఆటగాడొకడు కాలు మడతవడి కూసున్నడు. గప్పుడు గీయన లేసిండు. అంగీ ఇప్పిండు. మట్టి చేతులకు రాస్కొని గీత దాకా వచ్చిండు. ఇంతల వాళ్ళ సారు, నువ్వొద్దు కూసో అని ఇంకొకన్ని తోలిండు. పాపం, పోయి మళ్ళ అంగీ తొడుక్కున్నడు. ఒక్కొక్క గుండి పెట్టుకుంటుంటే నేను ఎదురుంగనే ఉన్న. మేం గెల్సినం, ఊరేగినం, అంత మర్సిపోయిన. గా మొఖం ఒక్కటే యాదికున్నది."

నా శీర్షిక నెమ్మదిగా పక్కకు తప్పుకుంది. మరేం చేద్దామని అడిగాను. "నా బిడ్డకు నిజం తెల్వాలె. గాయన ఇజ్జత్ గూడ పోవద్దు. నువ్వు రాసింది సదివి మా పాలిష్ యూనిట్లోళ్ళు గాయన్నే టోర్నమెంటుకు పిలిసిండ్రు. ఎట్లాగు వస్తున్నడు. ఆడిపిద్దాం" అన్నాడు. అప్పుడిక దాచలేక, హీరో చెప్పింది ఐదుగురేననీ ఏడుగురు చేసింది నేననీ ఒప్పుకున్నాను. ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

"నువ్వు ఎన్నడన్న కబడ్డీ ఆడినవా తమ్మీ?"

"లేదు సార్."

"గందుకే" అని చాయ్ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

టోర్నమెంటు రోజు బడి మైదానం నిండిపోయింది. కర్ణాటకలోని సేడం వైపు నుంచి కూడా జనం వచ్చారు. నున్నగా చదును చేసిన మట్టి మీద బండల పొడితోనే గీతలు గీశారు. హీరో నల్లకళ్ళద్దాలతో దిగాడు, దండలు వేశారు. మైకు పట్టుకున్నాయన నా వ్యాసాన్ని మొదటి నుంచి చివరిదాకా, దుమ్ముతో సహా, చదివి వినిపించాడు. వేదిక మీద వెనక వరసలో ఉన్న నా వైపు హీరో వంగాడు.

"నేను చెప్పింది ఐదుగురే కదా బ్రదర్?"

"అవును సార్. ఇద్దరిని నేనే..."

"మరి వీళ్ళు ఆడమంటే ఆ ఇద్దరినీ నువ్వు చూసుకుంటావా?"

జవాబు చెప్పేలోగా పీటీ సారు వేదిక ఎక్కాడు. కింద ఆయన పాత జట్టు ఆరుగురూ ప్యాంట్లు మడుచుకుని నిలబడి ఉన్నారు. హీరో కళ్ళద్దాలు తీసి చూశాడు, గుర్తుపట్టాడు. మేకప్ ఉన్నా ముఖం పాలిపోవడం నాకు కనిపించింది. పీటీ సారు ఆయన చెవి దగ్గర మెల్లగా అన్నాడు, వెనకే ఉన్నాను గనుక నేను విన్నాను. "గా దినం గీత దాకా వచ్చినవు గద. ఇయ్యాల దాటు."

"నాకు ఆడటం రాదు మాస్టారూ" అన్నాడు హీరో. సినిమా గొంతు కాదది. "కాలేజీలో కూడా అడుగు పెట్టగానే పట్టేసేవారు."

"మాకు గూడ నడుములు వట్టుకపోయినయి. ఫికర్ జెయ్యకు. దిగు."

హీరో బూట్లు విప్పి, వంగి మట్టి చేతులకు రాసుకుని గీత దాటాడు. మొదటి కూతకు నాలుగడుగులు వేశాడో లేదో పీటీ సారు ఆయన మడమ పట్టుకున్నాడు, హీరో బోర్లా పడ్డాడు. రెండోసారి ఎవరూ పట్టుకోకుండానే మధ్యలో ఊపిరి అయిపోయి ఆగిపోయాడు. ఎవరో కన్నడంలో ఏదో అన్నారు, అర్థమైనవాళ్ళూ కానివాళ్ళూ కలిసి నవ్వారు. ఇక వెళ్ళిపోతాడనుకున్నాను. సినిమా వాళ్ళు కారు తలుపు తెరిచి సిద్ధంగా ఉన్నారు కూడా. ఆయన కారు వైపు చూడలేదు. మళ్ళీ గీత దాకా వెనక్కి వెళ్ళి, ఊపిరి పీల్చుకుని మూడోసారి వచ్చాడు. ఈసారి వంకర టింకరగా ఉరికి, పీటీ సారు భుజం తాకి, వెనక్కి తిరిగి దూకాడు. ఆరుగురూ మీద పడ్డారు. ఆ కుప్ప కింద నుంచి ఒక చెయ్యి పాకుతూ వచ్చి, మూడు వేళ్ళతో తెల్లటి గీతను తాకింది.

ముక్కు మీద బండల పొడితో ఆయన మైకు అందుకున్నాడు. "ఒక్కడు" అన్నాడు, రొప్పుతూ. "నా జీవితంలో ఔట్ చేసింది ఈ ఒక్కడినే. ఆ ఫైనల్లో నేను ఆడలేదు, బెంచీ మీద ఉన్నాను. గెలిచింది మీ తాండూరు. పేపర్లో వచ్చిన ఏడుగురూ నా అబద్ధమే." వేదిక మీద నేను, ఆ ఇద్దరి సంగతి చెప్పడానికి లేచి నిలబడ్డాను. ఆయన నా వైపు ఒకసారి చూసి, కూర్చోమని చేత్తో సైగ చేశాడు. తరవాత వచ్చిన ఈలలకు మైకు మూగబోయింది. పీటీ సారు కూతురు ముందు వరసలోంచి ఉరికి వచ్చి, "నాయినా, నువ్వు ఔటయినవా?" అని అడిగింది. "ఇయ్యాల అయిన బిడ్డా, గా దినం కాలే" అన్నాడాయన, భుజం దులుపుకుంటూ.

జరిగింది జరిగినట్టు రాశాను. నేను కలిపిన ఇద్దరి సంగతీ రాశాను. మా బ్యూరో సారు ఆ ముక్క మాత్రం కొట్టేసి, "నీ ముచ్చట ఎవ్వనికి గావాలె" అన్నాడు. అందువల్ల నా తప్పొప్పుల సవరణ ఇప్పుడు ఇక్కడే మొదటిసారి అచ్చవుతోంది.

ఆ హీరో ఈమధ్య తండ్రి వేషాలు వేస్తున్నాడు. మొన్న ఒక యూట్యూబ్ ఇంటర్వ్యూలో, మీరు ఆటలు ఆడేవారట కదా అని ఆయన్ని అడిగారు. నాకు వెంటనే ఆయన మోకాలు గుర్తొచ్చి, ఫోన్ గట్టిగా పట్టుకున్నాను. "ఆడాను. తాండూరులో ఒక్కడిని ఔట్ చేశాను" అన్నాడు. నేను ఊపిరి వదిలాను. ఆయన ఆగలేదు. "కానీ ఆ ఒక్కడు ఎలాంటివాడనుకున్నారు? ఆరున్నర అడుగుల మనిషి. భుజం తాకాలంటే ఎగరాల్సి వచ్చింది" అన్నాడు. పీటీ సారు నా పక్కన నిలబడితే నా చెవి దాకా రాడు. నేనింకా నవ్వుతుండగానే ఆయన ఫోన్ చేశాడు.

"సూసినవా తమ్మీ?"

"చూశాను సార్. ఆరున్నర అడుగులంట."

"అబద్ధమేం గాదు" అన్నాడు పీటీ సారు, చాలా తృప్తిగా. "కూతకు వచ్చినోనికి ఎదురుంగున్నోడు గంతనే కనిపిస్తడు."

ఇరవై మూడేళ్ళ వయసులో అయితే ఎత్తు కొలిచే టేపు పట్టుకుని తాండూరు రైలెక్కేవాణ్ణి. ఇప్పుడు అవును సార్ అన్నాను, ఆ ఎత్తు సవరించకుండానే ఆ ఇంటర్వ్యూ మా ఆవిడకు చూపించాను.