రాజేశం చెవిలో సాంచా

సూరత్‌లో ఉదయం ఆరుంబావుకి దిగాం. ఏప్రిల్. కోవిడ్ రెండో అల. సైన్యం వైద్య దళం నుంచి పన్నెండు మందిమి. నేను నర్సింగ్ అసిస్టెంట్‌ని. స్టేషన్ నుంచి లారీలో నేరుగా ఆస్పత్రికి. మనిషికి రెండు పీపీఈ కిట్లు, ఒక స్టెతస్కోప్, ఒక వాకీటాకీ. షిఫ్టు ఆరు గంటలు.

"ఇక్కడ డాక్టరు చెప్పిందే ఆర్డరు. ఎదురు మాట్లాడొద్దు," అన్నాడు మా హవల్దార్.

మూడో రోజు రాజేశాన్ని తెచ్చారు. నలభై దాటిన మనిషి. ఇక్కడే, ఖటోదరా పేటలో సాంచాల మీద, అంటే పవర్‌లూమ్‌ల మీద, ఇరవై ఏళ్లుగా పని. తల తిరుగుడు, వాంతులు, ఆగని ఎక్కిళ్లు, తడబడే కాళ్లు. జ్వరం లేదు. ఆక్సిజన్ తొంభై ఏడు.

"యాడికెల్లి అన్నా?" అన్నాను. తెలుగు వినేసరికి ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"సిరిసిల్ల, తమ్మీ. సాంచాలు బందయి పది రోజులాయె. నా చెవుల ఒకటి నడుస్తనే ఉన్నది."

మాదీ సిరిసిల్లే. మా నాన్నా సాంచా నడిపినవాడే. "అలవాటయిన సప్పుడేమో," అన్నాను.

"గది నాకు తెల్వదా? సాంచా ఒక్క తీరుగ కొడ్తది. ఇది మెట్లెక్కితే జోరయితది, కూసుంటె తగ్గుతది."

నాడి పట్టుకున్నాను. చెవిలో మోగినప్పుడల్లా మంచం మీద వేలితో కొట్టమన్నాను. ప్రతి దెబ్బా నాడితో కలిసింది. కుడి చెవి వెనక స్టెతస్కోప్ పెట్టాను. గుస్సు, గుస్సు. నాకూ వినబడింది. టైము పదీ నలభై.

వార్డు డాక్టరు దగ్గరికి వెళ్లాను. "సార్, చెవి వెనక రక్తం చప్పుడు వస్తోంది. ఒక్కసారి వినండి."

ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు. "మగ్గం కూలీలందరికీ చెవుల్లో మగ్గాలే. కోవిడ్ నీరసం. అందరికీ ఇచ్చినట్టే స్టెరాయిడ్ ఇవ్వు."

"ఆక్సిజన్ బాగానే ఉంది సార్."

"డాక్టరువి నువ్వా, నేనా?"

హవల్దార్‌ని వాకీటాకీలో పిలిచాను. "ఆర్డరు తప్పనిపిస్తోంది. ఓవర్."

"టైము రాసి పెట్టుకో. ఆర్డరు పాటించు. ఓవర్."

పదకొండుంబావుకి నా చేత్తోనే సూది వేశాను.

మధ్యాహ్నం మూడింటికి రాజేశం కాళ్లు కదల్లేదు. మాట ముద్దయింది. తాగించిన నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. అప్పుడు నన్ను తోడిచ్చి పెద్దాస్పత్రికి పంపారు. అక్కడి మెదడు డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. పుర్రె లోపలి పొరలో ఒక ధమని నేరుగా సిరతో కలిసిపోయింది. ఆ రక్తం ఒత్తిడితో వెనక్కి తన్ని మెదడు కాండం వాచింది. మింగడం, నడవడం, ఊపిరి, అన్నీ ఆ కాండం గుండానే. ఇలాంటి వాళ్లలో కొందరికి స్టెరాయిడ్ పడితే గంటల్లో ముదురుతుందట. తొడ రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, జిగురుతో ఆ కలయిక మూసేశారు. చప్పుడు ఆగింది. ప్రాణం దక్కింది. మాటా, మింగుడూ మాత్రం తిరిగి రాలేదు.

నాది పాము పగ. టైములతో సహా ఫిర్యాదు రాసి మూడు చోట్ల ఇచ్చాను. నా సూది సంగతీ రాశాను. వెనక్కి తీసుకోమని ఆ డాక్టరు కబురు పంపాడు. తీసుకోలేదు. ఐదో వారంలో విచారణ పెట్టారు. "సిపాయికి వైద్యం ఏం తెలుసు?" అన్నాడు ఆ డాక్టరు.

"ఏమీ తెలీదు సార్. అందుకే మిమ్మల్ని వినమన్నాను. మీ కుర్చీకి మంచం పది అడుగులు."

ఆయన్ని డ్యూటీలోంచి తీసేశారు. వరండాలో గోడ వైపు తిరిగి ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. కడుపు చల్లబడింది.

తిరుగు రైలు సాయంత్రం నాలుగున్నరకి. రెండింటికి రాజేశం దగ్గరికి వెళ్లాను. ముక్కులో గొట్టం, దాంట్లోంచే తిండి. బ్యాగు దించకుండానే మొదలెట్టాను. "వాన్ని పీకేసిన్రు అన్నా. అందరి ముంగట. ఏడ్సిండు." ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. ఆయన నవ్వుతాడని చూశాను.

అంతా విన్నాడు. తర్వాత మెల్లగా చెయ్యి ఎత్తి, నా బ్యాగు పక్క జేబులో ఉన్న నీళ్ల సీసా చూపించాడు. తన గొంతు ముట్టుకున్నాడు.

ఒక్క గుక్క ఇచ్చినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీసా తీసి వీపు వెనక దాచుకున్నాను. ఆయన కళ్లు సీసా వెంటే వచ్చాయి.