పసుపు గుడ్డ కింద మణి

ఆడికృత్తిక మొక్కుల పండగ నాడు తిరుత్తణి నుంచి తిరువళ్ళూరుకు బస్సెక్కాలనుకునే వారికి నా సలహా ఒకటే: ఎక్కకండి. కొండ దిగిన గుండ్లన్నీ చందనం పూసుకుని మనకంటే ముందే సీట్లలో ఉంటాయి. మాకు మాత్రం తప్పలేదు. మా కుక్క మణికి మూడు రోజులుగా జ్వరం. ముద్ద ముట్టడం లేదు. ఆ పొద్దున మూత్రం కాఫీ రంగులో పోసింది.

మగ్గం గుంటలో నా కుడిపాదం మీద గడ్డం ఆనించి పడుకోవడం దాని ఉద్యోగం. అది మంచాన పడ్డాక నేను నేసిన చీర ఎవరికీ చూపించలేను.

కుక్కను బస్సెక్కనివ్వరని నా భార్య వసంత దాన్ని వెదురు గంపలో పడుకోబెట్టి, చేతికందిన పసుపు గుడ్డ కప్పింది. ఏడు గంటల బస్సు. గంప నెత్తిన పెట్టుకొచ్చిన నన్ను చూసి, మొక్కుబడి అనుకుని కండక్టరు చెప్పులు విడిచాడు.

"తళ్ళుంగ, తళ్ళుంగ! సామికి దావ ఇడవండి!"

నిజం చెబితే దించేస్తాడు. జనం ఇచ్చిన సీట్లో గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కసీటు అవ్వ గంపకు దండం పెట్టి, పొంగలి దొన్నె వసంతకిచ్చింది.

"కొండ మింద పెసాదం. నీ సామికి పెట్టు తల్లీ."

లోపల మణి మూలిగింది. అవ్వ ఇంకోసారి దండం పెట్టింది.

ఎనిమిదిన్నరకు తిరువళ్ళూరు. టిఫిను మానేసి ఆటోలో కుక్కల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. పొన్నేరి వైపు తెలుగమ్మాయి. పిడుదులు కరిస్తే వచ్చే రోగమేమో చూద్దామని, నెత్తురు తీసి యాంటీబాడీ కిట్టులో చుక్క వేసింది. రోగముంటే రెండు గీతలట. ఒక్కటే వచ్చింది. నేను గంప ఎత్తుకున్నాను.

"యాడికన్నా? కూర్చో. ఇది పురుగును చూపించదు. పురుగు మింద ఒళ్ళు తిరగబడిందా అని మాత్రమే చెప్తాది. జొరమొచ్చి మూడు దినాలే కదా, ఒళ్ళింకా లేసుండదు."

చెవి కొసన సూదితో పొడిచి, గాజుపలక మీద నెత్తురు పూసి, రంగు వేసి, మైక్రోస్కోపులో నన్నూ చూడమంది. ఎర్రకణాల్లో జంటలు జంటలుగా చుక్కల్లాంటి పురుగులు, కాపురం పెట్టినట్టు. ఆ కిట్టును నమ్మి ఇంటికి పోయుంటే మణి దక్కేది కాదు.

"సూది ఏసినాను. తిండి ముడితే బతికినట్టే. పిడుదులు మీ మగ్గం గుంట గోడల్లోనే ఉంటాయి, మందు కొట్టండి," అంది.

సాయంత్రం నాలుగు గంటల బస్సు. ఖర్మ, అదే కండక్టరు. సగం దారిలో గుడ్డ కదిలి, మణి తల బయటికొచ్చింది.

"కుక్కా! దిగండి ముందు!"

"పొద్దన నువ్వే చెప్పులిడిచినావు కదన్నా," అంది వసంత.

బస్సంతా నవ్వింది. అతను విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడే మణి మెడ సాచి, వసంత ఒళ్ళోని పొద్దుటి పొంగలి దొన్నెలో మూతి పెట్టి నాకడం మొదలుపెట్టింది. వసంత ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, సిగ్గేముంది.

కండక్టరు విజిల్ తీసేశాడు.

"సామిని తిననీమ్మా," అని, లగేజీ టికెట్ చించి నా చేతిలో పెట్టాడు.