చచ్చినా పోని పైతొడుగు

ఆ వేసవితో నా పీహెచ్‌డీ గడువు తీరిపోతోంది. మలికిపురంలో కాలేజీలో పాఠాలు చెబుతూ, సఖినేటిపల్లిలో అద్దెకు తీసుకున్న పెంకుల షెడ్డులో నాలుగు గాజుతొట్లు పెట్టుకుని, ఐదేళ్ళుగా ఒకే ప్రశ్న పట్టుకుని వేలాడుతున్నాను.

బొటనవేలంత స్క్విడ్ ఒకటుంది, ఆక్టోపస్‌కి చుట్టమైన సముద్రజీవి. దాని కడుపులో ఒక చిన్న సంచి. అందులో ఒకే రకం బ్యాక్టీరియా కాపురం ఉండి వెలుగునిస్తుంది. గుడ్డులోంచి వచ్చినప్పుడు పిల్ల ఒంట్లో ఆ బ్యాక్టీరియా ఉండదు, సముద్రపు నీళ్ళలోంచే దాన్ని ఏరుకోవాలి. అన్ని రకాల మధ్య దాన్ని ఎలా పోల్చుకుంటుంది? చాలావరకు పైతొడుగును బట్టే. బ్యాక్టీరియా ఒంటిమీద పెద్ద పెద్ద అణువులుంటాయి. వాటి ఒక కొస కొవ్వు, అది పొరలో పాతుకుని ఉంటుంది. రెండో కొస చక్కెరల గొలుసు, అది బయటికి వేలాడుతుంది. ఆ గొలుసు లేని బ్యాక్టీరియాను పిల్లల దగ్గర వదిలి, సంచిలోకి రానిస్తాయో లేదో చూడటం నా పని. చూడాలంటే ముందు పిల్లలు బతకాలి. అప్పటికి మూడు విడతలు చచ్చిపోయాయి.

స్క్విడ్లను ప్రాణాలతో తెచ్చిపెట్టేది ఒక జాలరి పెద్దాయన. బాబాయిగారనేదాన్ని. అరవై దాటాయి, షుగరు ఉంది. వలలో పడ్డవాటిని నలగకుండా తీసి మూత బకెట్లో తెచ్చేవారు. ఇంత చిన్నదాని కోసం చదువుకున్న పిల్ల ఏడవడమేమిటని మొదట్లో ఇంట్లో నవ్వేవారట. తరవాత తొట్టి ముందు గొంతుక్కూర్చుని, అవి ఇసకలో ఒళ్ళు కప్పుకోవడం నాకంటే శ్రద్ధగా చూసేవారు.

నాలుగో విడత గుడ్లు రెండు రోజుల్లో పగులుతాయనగా తొట్టి నీళ్ళు చెడ్డాయి. బాబాయిగారికి ఫోన్ చేసి, ఒడ్డు నీళ్ళు పనికిరావు, లోపలికి దిగి క్యాన్లు నింపి తెమ్మన్నాను. ఆయన కాలికి చేపముల్లు గీరుకుపోయి పచ్చిగా ఉందని పక్కనుంచి వాళ్ళావిడ అంటున్నారు. ఆ మాట నాకు స్పష్టంగా వినపడింది.

"పర్లేదండి, తెత్తాను" అన్నారాయన.

సరేనన్నాను.

నీళ్ళు ఆ సాయంత్రానికే వచ్చాయి. మర్నాడు మధ్యాహ్నం దాకా ఆయన ఫోన్ ఎత్తకపోతే ఇంటికి వెళ్ళాను. మంచం మీద వణికిపోతున్నారు. పిక్క ఉబ్బి నల్లబడింది, దానిమీద నెత్తురు నిండిన బొబ్బలు. ఊళ్ళో జ్వరానికి ఇంజెక్షన్ చేయించారట. అలాంటి బొబ్బలు నేను పుస్తకాల్లో చూశాను. నేను పెంచుకునే బ్యాక్టీరియాకి దాయాది ఒకటుంది. వెచ్చటి ఉప్పునీళ్ళలో ఉంటుంది, గాయంలోంచి రక్తంలోకి దిగుతుంది. అప్పటికప్పుడు ఆటో మాట్లాడి ఎక్కించాను.

అమలాపురం ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుకి అన్నీ ఒక్క గుక్కలో చెప్పాను. సముద్రపు నీళ్ళు తగిలిన పుండని, షుగరు ఉందని, ఏ బ్యాక్టీరియా అయ్యుంటుందో కూడా. ఆయన విసుక్కోలేదు. మందులు ఎక్కించి, బీపీ పడిపోతోంది, రాజమండ్రి తీసుకెళ్ళిపోండన్నారు.

రావులపాలెం దగ్గర అరటి లారీల వెనక అంబులెన్స్ ఆగిపోయింది. హారన్ మోగుతూనే ఉంది. పిన్నిగారు భర్త చెయ్యి పట్టుకుని నావైపు తిరిగారు.

"మందెక్కించేరు గదమ్మా. ఆ పురుగు చచ్చిపోద్ది గదా?"

"చచ్చిపోద్దండి. కానీ చచ్చేక దాని పైతొడుగు ముక్కలైపోయి రక్తంలో కలుత్తాది. ఒళ్ళు దాన్ని చూసి బెదిరిపోద్దండి."

"చచ్చినదాన్ని చూసా?"

"ఆయ్."

ఆవిడ భర్త మీద దుప్పటి మెడదాకా లాగారు. నోరు మూసుకుని ఉండాల్సిందనిపించింది. ఆ పైతొడుగులోని కొవ్వు ముక్కే స్క్విడ్ పిల్లకి తగిలితే దాని సంచి ఎదుగుతుంది. మనిషి రక్తంలో పడితే నాడి జారిపోతుంది. ఈ రెండు వాక్యాలూ నా థీసిస్ మొదటి పేజీలో పక్కపక్కనే రాసుకున్నాను. ఇప్పుడు బాబాయిగారి నాడి నా వేలికింద సన్నబడుతుంటే, ఐదేళ్ళ చదువులో ఆయనకి పనికొచ్చే ముక్క ఒక్కటీ దొరకలేదు.

మోకాలి పైదాకా కాలు తీసేశారు. పదకొండో రోజుకి కళ్ళు తెరిచి మనిషిని గుర్తుపట్టారు. ఈలోగా షెడ్డులో గుడ్లు పగిలాయి. చూసే దిక్కులేక ఆ పిల్లలూ పోయాయి. నేను వెళ్ళేసరికి తొట్టి అడుగున తెల్లటి పొర మాత్రం ఉంది. గడువు పెంచమని అర్జీ పెట్టలేదు.

బాబాయిగారిని ఇంటికి తెచ్చాక ఒకరోజు వెళ్ళి, ముల్లు సంగతి ఫోన్లో విన్నానని, విని కూడా దిగమన్నానని పిన్నిగారికి చెప్పేశాను. ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"నాకు తెలుసమ్మా. నేనన్నది నీకు వినపడాలనే అన్నాను" అన్నారు. గొంతు తగ్గించి, "ఇంక రాకమ్మా. నిన్ను చూత్తే ఆయన మళ్ళీ బకెట్ అడుగుతారు" అన్నారు.

లోపల్నుంచి ఎవరొచ్చారని బాబాయిగారు అడుగుతున్నారు. ఎవరూ లేరని చెప్పి ఆవిడ తలుపు చేరవేశారు. నేను చెప్పులు వేసుకుని రోడ్డెక్కాను.