మేస్త్రి నీళ్ళు పోసిన తెల్ల మొలకలు

విత్తనాల మేస్త్రి పోయాడని మంగళవారం పొద్దున ఆయన భార్య ఫోన్ చేసింది. "ఆయన ఇంగ లేడు టీచరమ్మా. పిల్లోళ్ళను పిల్చకరావద్దులే" అంది. నిష్ఠూరంగా కాదు, ఒక పని తప్పిపోయిందని చెప్పినట్టే చెప్పింది. నిష్ఠూరమాడినా బాగుండేది. ఆ మాట నన్ను కూర్చోనివ్వడం లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

హగరి ఏటి అవతల ఒక విత్తన పరిశోధన తోటలో ఆయన ముప్పై ఏళ్ళకు పైగా కూలీల మేస్త్రి. నేను బళ్ళారిలో ఒక తెలుగు బడిలో సైన్సు చెబుతాను. ఏటా పిల్లలను ఆయన దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. కోబాల్ట్-60 పరమాణువు తనంతట తానే విచ్ఛిన్నమై కిరణాలు వదులుతుంది, అవి జీవకణంలోని డి.ఎన్.ఎ.ను తెంపుతాయి అని నేను బోర్డు మీద రాస్తే ఆవలించేవాళ్ళు. మేస్త్రి ఆ పాఠాన్నే నాలుగు సాళ్ళ జొన్నలో చూపించేవాడు.

మొదటి సాలు కిరణాలు తగలని గింజలు. రెండోది కొంచెం తగిలినవి, మూడోది ఇంకా, నాలుగోది బాగా. రెండోది మొదటిదానిలాగే లేచేది. మూడోది గిడసబారిపోయేది. నాలుగోదాంట్లో అక్కడొకటి, ఇక్కడొకటి. "మంత్రం యాడన్నా కనపడిందా అప్పా? ఎంత తగిలితే అంత దెబ్బ" అనేవాడు.

తర్వాత పక్క మడి. పచ్చటి మొలకల మధ్య అక్కడక్కడా సున్నం రంగు మొలకలు. ఎంత అల్లరి పిల్లలైనా అక్కడ వంగి చూసేవాళ్ళు. "కిరణం తగిలింది దీనికి కాదప్పా, దీని తల్లి గింజకు. తల్లి బాగనే పెరిగె, కంకి ఏసె. బిడ్డకు పచ్చదనం రాలే." పచ్చదనం లేని మొక్క ఎండతో తిండి తయారుచేసుకోలేదు. గింజలో ఉన్న తిండి అయిపోయేదాకే దాని బతుకు, ఓ పది రోజులు. అయినా ఆయన వాటికీ నీళ్ళు పోసేవాడు. ఎందుకని ఒక పిల్ల అడిగితే, "పోతామని దానికి తెలీదు కదమ్మా" అన్నాడు.

పని మానేశాక, పోయినేడు ఆయనకు గొంతులో క్యాన్సర్ వచ్చింది. కిరణాల గింజలు పట్టుకొని పట్టుకొని తెచ్చుకున్నాడని ఊరంతా అనేసింది. "నలభై ఏండ్లు బీడీలు తాగితి టీచరమ్మా. దాని పేరు ఒక్కడూ ఎత్తడు" అని ఆయన నవ్వబోయి దగ్గాడు. ఆస్పత్రిలో రేడియేషన్ ఇచ్చారు. మా వైపు దాన్ని కరెంటు పెట్టడం అంటారు. ఆ కరెంటు ఇంకా ఒంట్లోనే ఉందని ఇరుగుపొరుగు తమ పిల్లలను ఆ గడప తొక్కనివ్వలేదు. ఆయన టార్చి గోడ మీదికి వేసి, ఆర్పి, అడిగేవాడు: "ఇప్పుడు గోడ ఎలుగుతాందా? కిరణాలిడిసే పొడే కడుపులోకి పోతే అది వేరే, లోపలుండి కాలుస్తానే ఉంటాది. నాకు తగిలింది బయట నుంచి. గింజకూ అంతే. సుమ్నే, ఊరికే భయపడతాండారు."

ఆ భయం మా బడికీ వచ్చింది. ఈ ఏడు పిల్లలను మేస్త్రి దగ్గరికి పంపేది లేదని తల్లిదండ్రులు తేల్చేశారు. హెడ్మాస్టరు వద్దన్నాడు. నాకు నోరెక్కువని బడిలో పేరు. ఆ రోజు ఆ నోరు ఎక్కడికి పోయిందో, సరే సార్ అని వచ్చేశాను.

ఆయనకు మాత్రం చెప్పలేకపోయాను. తోట పెద్దసారును అడిగి చారెడు గింజలు తెచ్చి, ఇంటి ముందరే విత్తానని ఫోన్ చేశాడు. గొంతు ఊకలా పొడిగా వచ్చింది. "ఎంతమంది పిల్లోళ్ళు?" అని అడిగితే ఇరవై ఆరుమంది అన్నాను. "ఒక్క పిల్లోడు మా ఇంట్లో నీళ్ళు తాగిపోతే సాలు టీచరమ్మా. నేను పోయినంక నా పెండ్లాం ఈడనే బతకల్ల." వారం తర్వాత మళ్ళీ చేశాడు. "తెల్లవి లేచినాయి. బిరీన రాండి, అవి నిలవవు." శనివారం వస్తామన్నాను. అబద్ధమని తెలిసే అన్నాను. నేనొక్కదాన్నైనా పోయి నిజం చెప్పి ఉండాల్సింది. శనివారం అదీ చేయలేదు.

మంగళవారం వెళ్ళేసరికి జనం వీధి అవతలే నిలబడి ఉన్నారు. ఇంటి ముందు సాళ్ళు, వాటి పక్కన వరసగా చదును బండలు. పిల్లలు మొలకలు తొక్కకుండా నిలబడాలని, గస పెడుతూ ఆయనే ఒక్కొక్కటీ పరిచాడట. లెక్కపెట్టాను. ఇరవై ఆరు.

అందరూ చూస్తుండగా ఆయన భార్యను నీళ్ళు అడిగాను. ఆమె గ్లాసు తెచ్చిచ్చింది. "తాగండి టీచరమ్మా. మీరు తాగితే వాళ్ళకేం లెక్క. పిల్లోళ్ళు తాగల్లని ఆయన కాసుకోనుండె" అంది. రెండు గుక్కలు తాగాను.

నా చేతిలోని గ్లాసు తీసుకుని, మిగిలిన నీళ్ళను ఆమె వంగి తెల్ల మొలకల మొదట్లో పోసింది. అప్పటికే అవి కొసల నుంచి వాడుతున్నాయి. బండల మీద ఎండ పడుతోంది.